పొద్దున క్లియర్‌గా ఉన్న టీపీఎన్ బ్యాగ్‌లో రాత్రికి తెల్ల పలుకులు ఎందుకొచ్చాయి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదండీ. 1.2 కేజీల ప్రీటర్మ్ (నెలలు నిండకుండా పుట్టిన) బేబీ, టీపీఎన్ (రక్తనాళంలోకి నేరుగా ఎక్కించే పోషకాహారం) బ్యాగ్ పొద్దున కలిపారు, లైట్ దగ్గర పెట్టి చూస్తే నీళ్ళలా ఉంది, రాత్రికి పంప్ మాటిమాటికీ అక్లూజన్ అలారం (లైన్ మూసుకుపోయిందనే హెచ్చరిక) కొడుతుంటే నర్సు చూసింది, ఫిల్టర్‌కి పైన ట్యూబ్‌లో తెల్లటి పలుకులు. ముందు రోజు ఇదే కాల్షియం ఇదే ఫాస్ఫేట్‌తో ఏ గొడవా లేదు. మారిందల్లా పీడీఏ (పుట్టాక మూసుకోవాల్సిన గుండె దగ్గరి రక్తనాళం తెరిచే ఉండటం) ఉందని ఫ్లూయిడ్ 120 నుంచి 80 ఎంఎల్‌కి తగ్గించారు, యూరియా పెరిగిందని అమైనో యాసిడ్స్ 3 గ్రాముల నుంచి 1.5కి తగ్గించారు, అన్నీ కిలోకి లెక్క. ఇప్పుడు మీ ప్రశ్నలు మూడు: క్లియర్‌గా ఉన్నది ఎందుకు విరిగింది, ఫిల్టర్ మార్చి అదే బ్యాగ్ నడిపించొచ్చా, ఇకమీదట ఫాస్ఫేట్ తీసేసి రోజు మార్చి రోజు ఇస్తే సరిపోతుందా.

రెండోదానికి ముందు చెప్తా, ఎందుకంటే అది ఆగే విషయం కాదు. నడిపించకూడదు. ఫిల్టర్ మార్చి కూడా వద్దు, ఫిల్టర్ తీసేసి అయితే అస్సలు వద్దు. ఫిల్టర్ మూసుకుపోయిందంటే అది పాడైందని కాదు, దాని పని అది చేసిందని. వెంటనే ఇన్ఫ్యూజన్ ఆపి, క్యాథెటర్ దగ్గర క్లాంప్ వేసి, బ్యాగ్ నుంచి హబ్ (క్యాథెటర్‌కి ట్యూబ్ తగిలించే చోటు) వరకు సెట్ మొత్తం మార్చాలి. చిక్కుకున్నదాన్ని సిరంజితో బలంగా తోయొద్దు, ఆ పలుకులు ఎటు పోతాయో మీకు తెలుసు. బ్యాగ్ వేడి చేయడం, ఊపడం, ఇంకో ఫిల్టర్‌లోంచి వడకట్టడం ఇవేవీ దాన్ని మళ్ళీ వాడదగ్గ బ్యాగ్ చేయవు. టీపీఎన్ ఆగిపోతే ఇంత చిన్న బేబీకి షుగర్ త్వరగా పడిపోతుంది కాబట్టి డాక్టర్‌కి చెప్పి కొత్త సెట్‌తో ప్లెయిన్ డెక్స్ట్రోజ్ పెట్టించుకుని గ్లూకోజ్ చూస్తూ ఉండాలి, శ్వాస, శాచురేషన్ మామూలు కన్నా ఎక్కువ గమనించాలి. ఆ బ్యాగ్‌నీ సెట్‌నీ పారేయకండి, లేబుల్‌తో సహా ఫార్మసీకి పంపండి, కారణం వెతకడానికి వేరే ఆధారం ఉండదు. అలారం మ్యూట్ చేసి ఊరుకోకుండా ట్యూబ్ వైపు చూసిన ఆ నర్సుకి మాత్రం మీ యూనిట్ అంతా థాంక్స్ చెప్పాలి.

ఇక ఎందుకు జరిగిందో చూద్దాం. కాల్షియం, ఫాస్ఫేట్ కలిస్తే గడ్డకడతాయి అని అందరికీ తెలుసు కానీ ఏ ఫాస్ఫేట్‌తో అన్నదే అసలు సంగతి. ద్రావణంలో ఫాస్ఫేట్ రెండు రూపాల్లో ఉంటుంది, మోనోబేసిక్, డైబేసిక్. మోనోబేసిక్‌తో కాల్షియం చేసే ఉప్పు లీటర్‌కి 18 గ్రాముల దాకా కరుగుతుంది, డైబేసిక్‌తో చేసేది 0.3 గ్రాములే, అంటే 60 రెట్ల తేడా. ఏ రూపం ఎంత ఉండాలో నిర్ణయించేది పీహెచ్, అంటే ఆమ్లత్వాన్ని చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ. పీహెచ్ 7.2 దగ్గర రెండూ సగం సగం, 5.5 దగ్గర డైబేసిక్ నూటికి సుమారు రెండే, 6.5కి వచ్చేసరికి నూటికి పదహారు పదిహేడు. చూశారా, పీహెచ్ ఒక్క పాయింట్ పెరిగితే ప్రమాదం చేసే రూపం ఎనిమిది రెట్లు అవుతోంది, మీరు రాసిన ఆర్డర్‌లో ఒక్క అంకె మారకుండానే.

మరి పీహెచ్‌ని కింద పట్టి ఉంచేది ఎవరు అంటే ముఖ్యంగా అమైనో యాసిడ్స్. అవి ఆమ్లత్వాన్ని నిలబెడతాయి, పైగా కొంత కాల్షియాన్ని తమతో పట్టుకుని ఫాస్ఫేట్‌కి దొరక్కుండా చేస్తాయి. డెక్స్ట్రోజ్ కూడా ఆమ్లమే కానీ దానికి బఫర్ బలం లేదు, కొంచెం ఏదైనా తగిలితే మారిపోతుంది. మీ కేసులో ముందు రోజు 144 ఎంఎల్‌లో 3.6 గ్రాముల అమైనో, అంటే 2.5 శాతం. ఆ రోజు 96 ఎంఎల్‌లో 1.8 గ్రాములు, 1.9 శాతం కూడా సరిగ్గా లేదు. కాపాడేది పల్చబడింది. సిస్టీన్ హైడ్రోక్లోరైడ్ (విడిగా కలిపే ఇంకో అమైనో యాసిడ్) కలిపే అలవాటు ఉన్న చోట అది పీహెచ్‌ని ఇంకా కిందకి దించి బాగా సాయం చేస్తుంది, సాధారణంగా గ్రాము అమైనోకి 40 మిల్లీగ్రాముల లెక్క, కాబట్టి అమైనో సగం చేసినప్పుడు సిస్టీన్ కూడా తనంతట తనే సగమైపోయి ఉంటుంది, అది వాడుతుంటే ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు నీళ్ళ సంగతి, నా ఉద్దేశంలో మీ బ్యాగ్‌ని ముంచింది ఎక్కువగా ఇదే. బేబీకి కాల్షియం కిలోకి 3 ఎంఈక్యూ (మిల్లీఈక్వివలెంట్, లవణాల మోతాదు కొలత) అంటే 1.2 కిలోలకి 3.6 ఎంఈక్యూ, పది శాతం కాల్షియం గ్లూకోనేట్‌లో ఎంఎల్‌కి 0.465 ఎంఈక్యూ ఉంటుంది కాబట్టి దాదాపు 7.7 ఎంఎల్. ఫాస్ఫేట్ కిలోకి 1.5 మిల్లీమోల్ అంటే 1.8 మిల్లీమోల్, ఎంఎల్‌కి 3 మిల్లీమోల్ ఉండే పొటాషియం ఫాస్ఫేట్ అయితే 0.6 ఎంఎల్, మీ వయల్ బలం వేరే కావచ్చు లేబుల్ చూడండి. ఇవి రెండు రోజులూ అవే. కానీ 144 ఎంఎల్‌లో ఉన్నప్పుడు లీటర్‌కి కాల్షియం 25 ఎంఈక్యూ, ఫాస్ఫేట్ 12.5 మిల్లీమోల్. 96 ఎంఎల్‌కి తగ్గేసరికి 37.5, 18.75 అయ్యాయి. ఒక్కొక్కటి ఒకటిన్నర రెట్లే పెరిగింది కదా అనిపిస్తుంది కానీ గడ్డకట్టడం రెండిటి గుణకారాన్ని బట్టి నడుస్తుంది, అది రెండుంబావు రెట్లు పెరిగింది. అదే సమయంలో అమైనో తగ్గింది. పీడీఏకి ఫ్లూయిడ్ తగ్గించడం సరైన నిర్ణయమే, యూరియాకి అమైనో తగ్గించడం కూడా సరే, కిలోకి కాల్షియం అలాగే ఉంచడంలో తప్పేం లేదు, మూడూ ఒకే బ్యాగ్‌లోకి వచ్చి పడ్డప్పుడు ఎవరూ మళ్ళీ లెక్క చూడలేదు, అంతే. నిన్నటి ఆర్డర్‌లో ఖనిజాలు మారలేదు కాబట్టి చెక్ అవసరం లేదు అనుకోవడం చాలా చోట్ల ఉంది. ఫ్లూయిడ్, అమైనో, డెక్స్ట్రోజ్, లిపిడ్ (కొవ్వు ఎమల్షన్) వీటిలో ఏ ఒక్కటి కదిలినా కాల్షియం ఫాస్ఫేట్ చెక్ మళ్ళీ మొదటి నుంచి చేయాల్సిందే.

కలిపే వరస గురించి మీరేమీ రాయలేదు, అది తప్పకుండా కనుక్కోండి. ఫాస్ఫేట్ ముందు వేసి, బాగా కలిపి, అమైనో, డెక్స్ట్రోజ్, నీళ్ళు అన్నీ పడ్డాక కాల్షియం చివర్లో రావాలి, మధ్యమధ్యలో బ్యాగ్ నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. ఎందుకంటే కాల్షియం దిగే క్షణంలో బ్యాగ్‌లో ఎంత వాల్యూమ్ ఉందో లెక్క దాని మీద చేయాలి, చివరికి ఎంత అవుతుందో దాని మీద కాదు. మీ 96 ఎంఎల్ బ్యాగ్‌లో ఇంకా 48 ఎంఎలే ఉన్నప్పుడు కాల్షియం పడిందనుకోండి, ఆ కాసేపు అక్కడ లీటర్‌కి 75 ఎంఈక్యూ కాల్షియం, 37.5 మిల్లీమోల్ ఫాస్ఫేట్ ఉంటాయి, గుణకారం నాలుగు రెట్లు. ఆ కాసేపట్లో పుట్టిన సన్నటి కణాలు తర్వాత నీళ్ళు పోసినా పూర్తిగా కరగకపోవచ్చు, కంటికీ కనపడవు, వాటి చుట్టూ మిగతాది పేరుకుంటూ పోతుంది. ఆటోమేటెడ్ కంపౌండర్ (బ్యాగ్ కలిపే మెషీన్) ఉంటే ఫాస్ఫేట్‌కీ కాల్షియంకీ మధ్య కామన్ ట్యూబ్‌ని ఫ్లష్ చేసేలా వరస పెట్టి ఉందో లేదో చూడండి, లేకపోతే బ్యాగ్‌లోకి రాకముందే ట్యూబ్‌లో కలుసుకుంటాయి. ఇంకోటి, కొన్ని అమైనో యాసిడ్ ప్రొడక్ట్‌లలో ముందే ఫాస్ఫేట్ ఉంటుంది, లిపిడ్ ఎమల్షన్‌లో గుడ్డు ఫాస్ఫోలిపిడ్ వల్ల లీటర్‌కి దాదాపు 15 మిల్లీమోల్ ఉంటుంది, ఆర్డర్ షీట్‌లో కనిపించే ఫాస్ఫేట్ ఒక్కటే లెక్క కాదు.

అయినా పొద్దున క్లియర్‌గా ఉంది కదా అంటారు. కాల్షియం ఫాస్ఫేట్ గబుక్కున గడ్డకట్టే రకం కొంత, మెల్లగా కట్టే రకం కొంత. హద్దు చాలా దాటితే కలిపిన వెంటనే పాలలా అవుతుంది, అది మంచిదే, ఎవరైనా పట్టుకుంటారు. హద్దు కొంచెమే దాటితే గంటలు పడుతుంది, ఒక్కోసారి ఒక రోజు దాటాక కూడా వస్తుంది. మన కంటికి 50 మైక్రాన్ల కన్నా చిన్నది ఆనదు, ఊపిరితిత్తుల క్యాపిల్లరీ 5 నుంచి 8 మైక్రాన్లు. అంటే నేను చూశాను ఏమీ లేదు అన్న మాటకీ బేబీకి ప్రమాదం లేదు అన్న మాటకీ మధ్య చాలా జాగా ఉంది, కలిపిన పది నిమిషాలకు చూసిన చూపు మీద బ్యాగ్‌ని పాస్ చేయడాన్ని అందుకే నేను ఒప్పుకోను. నలుపు బ్యాక్‌గ్రౌండ్ మీదా తెలుపు మీదా మంచి వెలుతురులో, బ్యాగ్‌ని మెల్లగా వంచి పోర్ట్ దగ్గర అడుగున చూడాలి, పంపేముందు ఒకసారి, తగిలించేముందు ఒకసారి, నడుస్తుండగా ప్రతి షిఫ్ట్‌లో ఒకసారి. అది లెక్కకి అదనం.

వేడి సంగతి చాలామందికి తిరగేసి అర్థమవుతుంది. చక్కెర వేడి నీళ్ళలో బాగా కరిగినట్టు ఇదీ కరుగుతుందనుకుంటారు. ఇక్కడ వేడి పెరిగితే గ్లూకోనేట్ నుంచి కాల్షియం ఇంకా ఎక్కువ విడిపోతుంది, ఫాస్ఫేట్ డైబేసిక్ వైపు జరుగుతుంది, రెండూ గడ్డకట్టడానికే తోడ్పడతాయి. ఫ్రిజ్‌లో క్లియర్‌గా ఉన్న బ్యాగ్ గది ఉష్ణోగ్రతకి వచ్చాక విరగొచ్చు. మీ బేబీ ట్యూబ్ ఇంక్యుబేటర్ లోపల చుట్టలు చుట్టుకుని ఉంటుంది, పైగా గంటకి 4 ఎంఎల్ స్పీడ్‌లో ద్రవం ఆ వేడిలో చాలాసేపు నిలబడుతుంది, బ్యాగ్‌లో ఏమీ లేకుండా ట్యూబ్‌లోనే కనిపించడానికి అది కూడా కారణం అయ్యుంటుంది. లోపల అవసరానికి మించిన ట్యూబ్ ఉంచకండి, రేడియంట్ వార్మర్ కింద బ్యాగ్ వేలాడకుండా చూడండి.

లిపిడ్ వై (రెండు ట్యూబ్‌లు ఒకటయ్యే కనెక్టర్) దగ్గర కలుస్తోంది అన్నారు. లిపిడ్ వల్ల పీహెచ్ పైకి పోతుంది కాబట్టి అది కలిసిన చోటు నుంచి క్యాథెటర్ దాకా ఇంకో రిస్క్, కానీ మీకు పలుకులు వై కంటే చాలా పైన వచ్చాయి కాబట్టి ఈసారి లిపిడ్ తప్పు కాదు. అన్నీ ఒకే బ్యాగ్‌లో కలిపే చోట కష్టం ఇంకా ఎక్కువ, తెల్లటి ఎమల్షన్‌లో తెల్లటి పలుకు కనపడదు. పైగా కాల్షియం, మెగ్నీషియం లాంటి రెండు చార్జీలవి లిపిడ్ బిందువుల మీదున్న నెగటివ్ చార్జీని తినేస్తాయి, ఐరన్ లాంటి మూడు చార్జీలది ఇంకా ఎక్కువ, అప్పుడు బిందువులు కలిసిపోయి పైన పసుపు నూనె తేలుతుంది. పీహెచ్ 5 కిందకి పోయినా ఎమల్షన్ చెడుతుంది. అంటే కాల్షియం కోసం ఆమ్లత్వం పెంచుకుంటూ పోవడం ఒకే బ్యాగ్ పద్ధతిలో కుదరదు. నియోనేట్స్‌కి (అప్పుడే పుట్టిన పిల్లలకి) లిపిడ్ వేరుగా పెట్టడమే నాకు సరిగ్గా అనిపిస్తుంది.

ఇదంతా పుస్తకాల భయం కాదు. 1994 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అలర్ట్ ఇచ్చింది, టీపీఎన్ తీసుకున్న పేషెంట్లలో ఇద్దరు చనిపోయారు, కనీసం ఇద్దరికి శ్వాస ఆడక ఇబ్బందయింది, పోస్ట్‌మార్టంలో ఊపిరితిత్తుల సన్న రక్తనాళాల నిండా కాల్షియం ఫాస్ఫేట్ ఉన్న ఎంబోలై (రక్తనాళాన్ని మూసేసే ముక్కలు). అవి లిపిడ్ కలిపిన బ్యాగ్‌లు, బయటికి మామూలుగానే కనిపించేవి. కాల్షియం వేసే క్షణంలోని వాల్యూమ్ మీద లెక్క చేయాలి, ఫిల్టర్ వాడాలి అన్న మాటలు ఆ అలర్ట్‌లోనివే. అప్పట్లో లిపిడ్ ఉన్నదానికి 1.2 మైక్రాన్, లేనిదానికి 0.22 అన్నారు, 2021లో ఆస్పెన్ (అమెరికాలోని క్లినికల్ న్యూట్రిషన్ నిపుణుల సంస్థ) అన్నిటికీ 1.2 మైక్రాన్ చాలు, పేషెంట్‌కి వీలైనంత దగ్గరగా పెట్టండి అని సులభం చేసింది. ఫిల్టర్ లేని యూనిట్లు ఇంకా ఉన్నాయి, మీ చోట ఉండబట్టే ఆ రాత్రి అలారం మోగింది.

మీ సీనియర్ చెప్పిన కాల్షియం ఇంటూ ఫాస్ఫేట్ 200 దాటకూడదు అన్న రూల్ మీద ఒక మాట. పైన మీ లెక్కే చూడండి, ముందు రోజు 25 ఇంటూ 12.5 అంటే 312, అయినా ఏమీ కాలేదు, ఆ రోజు 703. నియోనేట్‌కి కావాల్సిన ఖనిజాలు ఇస్తే 200 దాదాపు రోజూ దాటుతుంది, దాటినా మంచి అమైనో, సిస్టీన్ ఉంటే నిలబడుతుంది, అదే రూల్ లోపల ఉన్నా అమైనో పల్చగా ఉంటే నిలబడకపోవచ్చు. ఒకే అంకెలో పీహెచ్ లేదు, టెంపరేచర్ లేదు, అమైనో బ్రాండ్ లేదు. మీరు వాడే అమైనో ప్రొడక్ట్‌కి కంపెనీ ఇచ్చే సాల్యుబిలిటీ కర్వ్‌లు (కాల్షియం, ఫాస్ఫేట్ ఎంత దాకా కరిగి ఉంటాయో చూపే గీతలు) ఉంటాయి, అమైనో శాతం, సిస్టీన్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి గీత మారుతుంది, ఆ గీత కింద ఉండాలి. ఒక బ్రాండ్ కర్వ్ ఇంకో బ్రాండ్‌కి వాడకండి. ఆ కర్వ్‌లు కాల్షియం గ్లూకోనేట్‌తో చేసినవి, కాల్షియం క్లోరైడ్‌కి చెల్లవు, క్లోరైడ్ నీళ్ళలో పడగానే దాదాపు మొత్తం విడిపోతుంది, మామూలు ఫాస్ఫేట్ ఉన్న బ్యాగ్‌లో దాన్ని వాడకపోవడమే మంచిది. స్టాక్ లేదని క్లోరైడ్ ఇచ్చారేమో అది కూడా కనుక్కోండి, గ్రాముకి గ్లూకోనేట్‌లో 4.65 ఎంఈక్యూ అయితే క్లోరైడ్‌లో 13.6, డోసు కూడా తలకిందులవుతుంది.

లైన్‌లో వేరే మందులు ఏమైనా వెళ్ళాయా అని కూడా అడగండి. సోడియం బైకార్బొనేట్ తగిలితే కాల్షియం కార్బొనేట్ పడుతుంది, ఆల్కలీ కావాలంటే బ్యాగ్‌లో అసిటేట్ రూపంలో ఇవ్వాలి. ఫెనిటోయిన్, ఎసైక్లోవిర్, యాంఫోటెరిసిన్ బి టీపీఎన్ లైన్‌లోకి రాకూడదు. సెఫ్ట్రియాక్సోన్ అయితే 28 రోజుల లోపు బేబీకి కాల్షియం ఉన్న ఏ ఐవీ ద్రవం నడుస్తున్నా అసలు ఇవ్వకూడదు, వేరే లైన్‌లో అయినా సరే.

ఇక ఫాస్ఫేట్ తీసేయడం. దయచేసి చేయకండి, రోజు మార్చి రోజు కూడా వద్దు. ఎముక కట్టడానికి రెండూ ఒకేసారి కావాలి, ఫాస్ఫేట్ లేని రోజు కాల్షియం ఎముకలోకి చేరక మూత్రంలో పోతుంది, కాల్షియం లేని రోజు రక్తంలో కాల్షియం పడిపోతుంది. ఫాస్ఫేట్ లోపం ఒక్కటే చాలు శ్వాస కండరాలు బలహీనపడటానికి, మీ బేబీకి అసలే ఊపిరితిత్తులు పచ్చివి. ప్రీటర్మ్‌కి కాల్షియం కిలోకి 2 నుంచి 4 ఎంఈక్యూ, ఫాస్ఫేట్ 1 నుంచి 2 మిల్లీమోల్ అనే రేంజ్ ఉంది కదా, ఫ్లూయిడ్ బిగించిన ఆ కొద్ది రోజులు రెండిటినీ ఒకే పాళ్ళలో కర్వ్ కిందకి దించి, ఫ్లూయిడ్ పెరగ్గానే మళ్ళీ పెంచండి, మధ్యలో సీరం కాల్షియం ఫాస్ఫరస్ చూస్తూ ఉండండి.

దొరికితే ఇంతకంటే మంచి దారి సోడియం గ్లిసెరోఫాస్ఫేట్. ఇందులో ఫాస్ఫేట్ విడిగా ఉండదు, గ్లిసెరాల్‌కి కట్టి ఉంటుంది, కాబట్టి బ్యాగ్‌లో కాల్షియంకి దొరకదు, ఒంట్లోకి వెళ్ళాక ఎంజైమ్ విడదీస్తుంది. మీకున్న చాలా తలనొప్పి దీంతో పోతుంది. చూసుకోవాల్సింది సోడియం, ప్రతి మిల్లీమోల్ ఫాస్ఫేట్‌తో 2 ఎంఈక్యూ సోడియం వస్తుంది, కిలోకి 1.5 మిల్లీమోల్ ఇస్తే 3 ఎంఈక్యూ సోడియం దాంతోనే వచ్చేస్తుంది, సోడియం క్లోరైడ్‌లోంచి అంత తీసేయాలి, పీడీఏ బేబీకి ఇది మర్చిపోకూడదు. పొటాషియం ఫాస్ఫేట్ ఆపేశారు కాబట్టి పొటాషియం వేరేగా రాయాలి, మార్చిన మొదటి రోజు ఎక్కువగా తప్పిపోయేది అదే.

రేపటి బ్యాగ్ ఆర్డర్ రాసే ముందు మీ అమైనో ప్రొడక్ట్ పేరు, సిస్టీన్ ఉందా లేదా, కలిపే వరస, కాల్షియం ఏ సాల్ట్, ఇంక్యుబేటర్ లోపల ట్యూబ్ ఎంత పొడవుందో ఇవి చెప్పండి, కర్వ్ పక్కన పెట్టుకుని కలిసి చూద్దాం.